పళ్ల క్లినిక్కులో చెప్పుల అర

మా వదిన పరుగెత్తగా నేను రెండుసార్లే చూశాను. మొదటిసారి, పెళ్లయి మా ఇంటికొచ్చిన కొత్తలో, వంటింట్లో ఎలుక కనబడినప్పుడు. రెండోసారి, పోయిన నెల ఇరవై రెండో తారీఖున, మిట్టమధ్యాహ్నం, మూడు వీధులు దాటుకుంటూ, కాళ్లకు ఎవరివో చెప్పులు వేసుకుని. మొదటి పరుగుకి ఇల్లంతా నవ్వుకున్నాం. రెండోది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దాని గురించి చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి.

మా వదిన పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటు. ఇరవై రెండేళ్ల సర్వీసు. క్లినిక్కులో అందరూ ఆవిణ్ణి పెద్దక్క అంటారు. నేను అదే క్లినిక్కు ముందుగదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాను, భయపడేవాళ్లకి ధైర్యం చెబుతాను. నాకీ ఉద్యోగం ఇప్పించింది వదినే. ఆడపడుచుని ఇంట్లో భరించింది చాలక పనిలో కూడా భరిస్తానని ఒప్పుకున్న మనిషి లోకంలో ఆవిడొక్కతేనని మా అన్నయ్య అంటాడు. నేను కూడా ఆవిణ్ణి రెండుచోట్లా భరిస్తున్నానన్న సంగతి మాత్రం ఆయనకు గుర్తురాదు.

వదిన ఈ పనిలోకి ఎలా వచ్చిందో వింటే నమ్మరు. అప్పట్లో ఆవిడ ఒక టైలరు దగ్గర హుక్కులు, గుండీలు కుట్టేది. ఆరేళ్ల కొడుకుని ఊగుతున్న పన్ను తీయించడానికి క్లినిక్కుకి తీసుకొచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ దగ్గర పనిచేసే మనిషి రాలేదు. కాస్త ఈ ఉమ్మి లాగే గొట్టం పట్టుకుంటారా అని డాక్టరమ్మ అడిగారు. వదిన పట్టుకుంది. కొడుకు పని అయిపోయాక తరువాతి పేషెంటుకీ పట్టుకుంది. ఆ తరువాతి పేషెంటుకీ పట్టుకుంది. పిల్లాడు బయట కుర్చీలో నిద్రపోయాడు. సాయంత్రం డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ రేపు కూడా వస్తారా అని అడిగారు. అంతే. ఆ మర్నాటి నుంచి టైలరు గుండీలకు వేరే మనిషిని వెతుక్కున్నాడు.

పని నేర్పింది డాక్టరమ్మే. ఇద్దరి మధ్యా మాటలుండవు. డాక్టరమ్మ పేషెంటు నోట్లోంచి చూపు తీయకుండా ఎడమ అరచేయి చాపుతారు. వదిన అందులో ఏది కావాలో అది పెడుతుంది. చిన్న అద్దమా, సూదికొక్కెమా, పట్టుకారా అన్నది అడగదు, ఆలోచించదు. నేనొకసారి తలుపు సందులోంచి లెక్కపెట్టాను. ఒక్క పన్ను సిమెంటు నింపేలోపు ఆ అరచేయి ముప్పై నాలుగుసార్లు చాచుకుంది, ముప్పై నాలుగుసార్లూ సరైన వస్తువే పడింది. మా అన్నయ్య ఇంట్లో ఉప్పు అందించమంటే మాత్రం వదిన మూడుసార్లు అడిగించుకుంటుంది.

లోపాలు లేవని కాదు. ముక్కు మీద కోపం. ఎవరైనా నెమ్మదిగా పనిచేస్తే చూస్తూ ఊరుకోలేదు, వాళ్ల చేతిలోంచి లాక్కుని తనే చేసేస్తుంది. ఇంకొకటి కూడా ఉంది, ఇది క్లినిక్కులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కుడి దవడలో ఒక పన్ను పుచ్చి నాలుగేళ్లయింది. ఎడమవైపే నములుతుంది. వేలమంది నోళ్లలో వెలుగు పట్టిన మనిషికి ఆ కుర్చీలో తను పడుకోవాలంటే మాత్రం గుండె ఆగినంత పని.

ఇక అసలు కష్టం. క్లినిక్కులో రెండు కుర్చీలున్నాయి. వదిన కాక ఇద్దరు అసిస్టెంట్లు ఉండేవారు, ఇద్దరూ వదినలాగే ఏమీ తెలియకుండా వచ్చి ఇక్కడే నేర్చుకున్నవాళ్లు. ఏళ్లకేళ్లు పనిచేశారు. పోయినేడాది ఒకావిడ వాళ్లాయన బదిలీ అయితే వెళ్లిపోయింది, ఇంకొకావిడ నర్సు చదువుకి వెళ్లింది. ఈలోపు కొత్తగా పెట్టుకునేవాళ్లకి శిక్షణ సర్టిఫికెట్ ఉండి తీరాలని నిబంధన వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఒక్క అసిస్టెంటు కోసం ఆరు క్లినిక్కులు కాచుకుని కూర్చుంటే దొరికేదెలా?

దొరక్కపోతే అదో బాధ. మాకు దొరికారు, నిలబడలేదు. పదకొండు నెలల్లో ఏడుగురు. ఒకరు ఇరవై రోజులున్నారు, ఒకరు తొమ్మిది రోజులు. పోయేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవారు, అవన్నీ నా డైరీ వెనక పేజీల్లో రాసుకున్నాను. పేర్లు నాకు గుర్తుండవు గనక వాళ్లను కారణాలతోనే పిలుచుకునేదాన్ని. ఒకావిడ ‘బస్సు దూరం’. ఒకావిడ ‘అమ్మకు బాగోలేదు’. ఒకావిడ ‘మందుల వాసన పడదు’, పళ్ల క్లినిక్కులో లవంగనూనె వాసన కాక అత్తరు వాసన వస్తుందా అని వదిన ఒంటికాలి మీద లేచింది. నాలుగో అమ్మాయి మాత్రం నేనెంత గుచ్చి గుచ్చి అడిగినా “ఊరికేనే అండీ” అని తలొంచుకుంది. ఆ అమ్మాయి పేరు ‘ఊరికేనే’ అయింది. పాతికేళ్లుంటాయి. నోట్లో నాలుక లేని మనిషి.

వాళ్లు వెళ్లిపోతున్నట్టు నాకు ఒకరోజు ముందే తెలిసేది. గుమ్మం పక్కన చెక్క అర ఒకటి ఉంది, ఎనిమిది గళ్లు. లోపల తొడుక్కునే చెప్పులు ఎవరివి వాళ్లు అందులో పెట్టుకుంటారు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బయటి చెప్పులు వేసుకుని, లోపలివి అక్కడ వదిలి వెళతారు. మర్నాడు రానివాళ్లు మాత్రం ఆ లోపలి చెప్పులు కాగితంతో శుభ్రంగా తుడిచి, సంచిలో పెట్టుకుని, వెళ్లొస్తానండీ అంటారు. ఆ పదకొండు నెలలూ సాయంత్రం ఆరయ్యేసరికి నా కళ్లు మనుషుల ముఖాల మీద కాక ఆ అర మీదే ఉండేవి.

వాళ్లను నిలబెట్టుకోవడానికి వదిన చేయని పని లేదు. నాలుగింటికి టీ, బిస్కెట్లు. కూర్చోవడానికి మెత్తటి కుర్చీ. ఏ రంగు కోటు కావాలంటే ఆ రంగు. ఏ రోజు సెలవు కావాలంటే ఆ రోజు. ఒకమ్మాయి పుట్టినరోజుకి కేకు తెప్పించి, తనే కోయించి, తనే తినిపించింది. మూడోరోజుకి ఆ అమ్మాయి వెన్నునొప్పి అంటూ వెళ్లిపోయింది. ఇక పల్లకీ ఒకటే తక్కువ వదినా, మోయడానికి నేనొక పక్క పడతాను అన్నాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ల చేతులు మొద్దుబారిపోయాయి, శిక్షణలో ఏం నేర్పుతున్నారో ఏమో, అద్దం ఎక్కడుందో కూడా తడుముకుంటున్నారు అని కొత్త చిట్టా ఏకరువు పెట్టింది.

‘బస్సు దూరం’ మూడోరోజునే ఒక మాట అంది. ఇక్కడ అన్నీ తిరగేసి ఉన్నాయి మేడమ్ అని. తిరగేసి కాదు, పద్ధతిగా ఉన్నాయి అంది వదిన. నేను నా బల్ల దగ్గర నుంచి కిసుక్కున నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

ఏడో అమ్మాయి కూడా వెళ్లిపోయాక డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచారు. ఆవిడకు అరవై దాటాయి. ఊళ్లో పెద్ద ఆస్పత్రి వాళ్లు వచ్చి చేరమని ఎప్పటి నుంచో అడుగుతున్నారట, ముప్పయ్యో తారీఖులోపు ఏదో ఒకటి చెప్పమన్నారట. ఇద్దరు చేసే పని నీ ఒక్కదానిచేత చేయిస్తున్నాను, నీ మణికట్టుకి రోజూ కట్టు కడుతున్నావు, నేను చూడటం లేదనుకోకు అన్నారు వదినతో. నెలాఖరుకి నిలకడగా ఒక్క మనిషైనా దొరక్కపోతే క్లినిక్కు మూసేస్తానన్నారు.  వదిన గిన్నెలో మరుగుతున్న పనిముట్లు తీసి ఒక్కొక్కటే తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడుస్తోందని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం ఇంటికి నడుస్తుంటే, ఇరవై రెండేళ్లు ఒకే ఒక్క చేతిని చూస్తూ బతికాను, ఇంకెక్కడికి వెళ్లి ఏం చేస్తాను అంది. ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు. 

ఇప్పుడు ఆ పరుగు దగ్గరికి వస్తున్నాను. మా క్లినిక్కుకి మూడు వీధుల అవతల ఇంకో పళ్ల డాక్టరున్నాడు, కుర్రవాడు, బుద్ధిమంతుడు. ఆయన అసిస్టెంటు కూడా వెళ్లిపోయింది. ఇరవై రెండో తారీఖున ఒక పెద్ద పని పెట్టుకున్నాడు, ఒక్క పూట మీ పెద్దక్కని పంపగలరా అని మా డాక్టరమ్మని ఫోనులో బతిమాలాడు. ఆ రోజు మాకు పేషెంట్లు తక్కువ. సరేనన్నారు. వదిన పొద్దున తొమ్మిదింటికి కోటు ఇస్త్రీ చేసుకుని, పెళ్లికి పోతున్నట్టు తయారై వెళ్లింది. ఆ కుర్రాడికి పనంటే ఏంటో చూపించి వస్తానంది.

పన్నెండున్నరకి తలుపు దడాలున తెరుచుకుంది. వదిన. ఒళ్లంతా చెమట. జుట్టు ముడి ఊడిపోయి భుజం మీద పడింది. కాళ్లకు ఆ క్లినిక్కు లోపల వేసుకునే నీలం చెప్పులు. ముందుగదిలో కూర్చున్న ముగ్గురు పేషెంట్లు నోళ్లు తెరిచారు, లోపలికి పిలవకముందే. ఎవరికేమైందోనని నేను లేచి నిలబడ్డాను. వదిన నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది.

“అమ్మాయ్, వాళ్లు మొద్దులు కారు. వాళ్లందరూ సరిగ్గానే ఉన్నారు. మనమే అద్దంలో ఉన్నాం.”

ఎండదెబ్బ తగిలిందనుకుని మంచినీళ్లు ఇచ్చాను. గటగటా తాగి, ఊపిరి పీల్చుకుని చెప్పింది. అక్కడికి వెళ్లగానే అలవాటుగా కుర్చీకి కుడిపక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుందట. ఆ కుర్రడాక్టరు వచ్చి చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడట. అది ఆయన స్టూలు! ఎడమపక్కకు మారింది. ఉమ్మిగొట్టం కోసం చేయి చాపితే అక్కడ గాలి తగిలింది, గొట్టం రెండోవైపుంది. తను సర్దిన ట్రే చూసి ఆయన బిత్తరపోయాడు. ఆయన చేయి ఒకవైపు చాపితే వదిన ఇంకోవైపు అందించింది. గొట్టంతో పేషెంటు ఉమ్మికి బదులు డాక్టరు గ్లౌజు పీల్చింది. పేషెంటు గడ్డం మీంచి నీళ్లు చొక్కాలోకి కారాయి. ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషి, మొదటిరోజు పనిలోకొచ్చిన పిల్లలాగా తడబడింది. చేతులు వణికాయట. ఏడుపొచ్చిందట. ఆ కుర్రాడు పాపం ఒక్క మాట అనలేదు, అదే ఇంకా చంపేసిందట.

“పని మధ్యలో నాకు ‘ఊరికేనే’ ముఖం కనబడింది” అంది వదిన. “ఆ పిల్ల చేతులు కూడా అచ్చం ఇలాగే వణికేవి. నేను లాక్కునేదాన్ని.”

అప్పుడు నాకు వెలిగింది. మా డాక్టరమ్మది ఎడమచేతివాటం. అది మాకు తెలియదా? బాగా తెలుసు. రోజూ చూస్తున్నదే. కానీ కుర్చీ, దీపం, గొట్టాలు, అలమరా సొరుగులు, ట్రేలో పనిముట్ల వరస, అన్నీ ఆ ఎడమచేతికి తగ్గట్టు అమర్చి ఉన్నాయని, లోకంలో మిగతా క్లినిక్కులన్నీ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటాయని, మా ఇద్దరికీ ఎన్నడూ తట్టలేదు. వదిన ఇంకో క్లినిక్కు గడప తొక్కితే కదా తట్టడానికి! పాత అసిస్టెంట్లూ ఇక్కడే పుట్టినట్టు నేర్చుకున్నవాళ్లు. శిక్షణ తీసుకుని వచ్చిన ఏడుగురికి మాత్రం రెండేళ్లు నేర్చుకున్న చేతులు ఒక్కసారిగా పరాయి చేతులైపోయాయి. పైగా పక్కనే ఒక పెద్దావిడ నిలబడి చేతిలోంచి లాక్కుంటుంటే, నాకు చేతకావడం లేదనుకోరూ?

ఇద్దరం లోపలికి దూసుకెళ్లాం. డాక్టరమ్మ అంతా విని మాస్కు తీసి స్టూలు మీద కూలబడ్డారు. ముందు నవ్వారు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. తరువాత ఆ నీళ్లు నవ్వువి కాకుండా పోయాయి. కాలేజీలో కుడిచేతివాళ్ల కుర్చీల దగ్గర తనను నాలుగేళ్లు నిలబెట్టారని, చేతకానిదానివని అనిపించుకుని రోజూ హాస్టలుకి వెళ్లి ఏడ్చేదాన్నని చెప్పారు. అందుకే సొంత క్లినిక్కు పెట్టిన రోజున మొదట కుర్చీనే తనకు తగ్గట్టు తిప్పించుకున్నారట. “తిప్పించుకుని హాయిగా మరిచిపోయాను. నన్ను ఏడిపించినట్టే నేను ఏడుగురు పిల్లల్ని ఏడిపించాను” అన్నారు.

నేను డైరీ తీసి ఫోన్లు మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. ‘బస్సు దూరం’ ఇంతకంటే దూరంలో ఉన్న క్లినిక్కులో సుఖంగా ఉంది, నేను ఆ రోజే చెప్పాను కదండీ అంది. ‘అమ్మకు బాగోలేదు’ ఇంటికి చేస్తే ఆ అమ్మే ఫోను ఎత్తింది, గొంతు గంటలా ఖంగుమంది. ఇద్దరు ఎత్తలేదు. మిగతావాళ్లు ఎక్కడో ఒకచోట కుదురుకున్నారు. వాళ్లకు నిజం చెప్పి, తప్పు మాది అన్నప్పుడల్లా అటువైపు నుంచి చిన్నగా ఒక నిట్టూర్పు వినబడేది. చివరికి ‘ఊరికేనే’ వాళ్లమ్మ దొరికింది. మా అమ్మాయి పళ్ల పని మానేసిందమ్మా, తనకి ఆ పని రాదట, బజారులో గిఫ్టు షాపులో పొట్లాలు కడుతోంది అంది. పళ్ల పనే మానేసింది అన్న మాట విని వదిన కుర్చీలో కూర్చుండిపోయింది.

మర్నాడు భోజనాల వేళ ఆ షాపుకి వెళ్లాం. లోపల ఒక మూల గాజుబల్ల, దాని వెనక ‘ఊరికేనే’. ముందు అయిదుగురు వరసలో నిలబడ్డారు. మేం ఆరోవాళ్లం. ఆ పిల్ల రంగుకాగితం చాపి, మూలలు మడిచి, టేపు తుంచి, రిబ్బను ముడేసి, ఒక్కో పెట్టె నిమిషంలో ముగిస్తోంది. మడతలు గీత గీసినట్టున్నాయి. వదిన ఆ చేతులకేసి చూస్తూ, ఈ చేతుల్నా నేను మొద్దన్నది అని గొణిగింది.

మా వంతు వచ్చింది. ఆ పిల్ల తలెత్తి చూసి తెల్లబోయింది. వదినకు క్షమాపణలు చెప్పడం రాదు, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పినట్టు లేదు. వెనక జనం ఉన్నారని కూడా చూడలేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“నీ చేతుల్లో ఏ లోపమూ లేదు తల్లీ. మా డాక్టరమ్మది ఎడమచేయి. మా దగ్గర అన్నీ తిరగేసి ఉంటాయి. ఆ సంగతి మొదటిరోజే నీకు చెప్పాలన్న తెలివి నాకు లేకపోయింది.”

ఆ పిల్ల చేతిలో కత్తెర కింద పెట్టింది. “ఆవిడది ఎడమచేయని నాకు తెలుసండీ. అందరూ అలవాటు పడతారు కాబోలు, నేనే పడలేకపోతున్నాను అనుకున్నాను” అంది. ఇన్నాళ్లూ ఇంట్లో గ్లాసు పట్టుకున్నా జారిపోతుందేమోనని భయంగా ఉంటోందని చెప్పింది. వెనక నిలబడ్డ పెద్దాయన ఆలస్యమవుతోందని అడగబోయి, ఏమనుకున్నాడో, ఊరుకున్నాడు.

వస్తానని అనలేదు. ఇరవై తొమ్మిదో తారీఖున షాపుకి సెలవు, ఆ ఒక్క పూట వచ్చి చూస్తాను, చేతకాకపోతే మళ్లీ అడక్కండి అంది. ఒక షరతు కూడా పెట్టింది. నా చేతిలోంచి ఏదీ లాక్కోకూడదు అని. వదిన ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు మీద నాకు రవ్వంత నమ్మకం కలగలేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, మా ఇంట్లో ఆవిడ లాక్కోని గరిటె లేదు.

ఆ ఆరు రోజులూ మాకు కాలు నిలవలేదు. సొరుగులన్నిటికీ చీటీలు అంటించాం. ‘మా డాక్టరమ్మది ఎడమచేయి, ఇక్కడ అన్నీ ఆ చేతికి తగ్గట్టు ఉంటాయి’ అని అట్ట మీద పెద్ద అక్షరాలతో నేనే రాసి లోపలి గది తలుపుకి తగిలించాను. కొత్తవాళ్లెవరైనా మొదటి వారం ప్లాస్టరు పళ్ల బొమ్మ మీదే చేయి తిప్పుకోవాలని, అప్పటిదాకా పేషెంటు జోలికి పంపకూడదని డాక్టరమ్మ నిర్ణయించారు. అన్నీ బాగానే ఉన్నాయి, కానీ మాకు వారం లేదు, ఒక్క పూటే ఉంది. బొమ్మ మీద చేసి చూపిస్తే ఆ పిల్లకి ధైర్యం వస్తుందా? అసలు మనిషి కావాలి. తడబడితే కోప్పడని మనిషి, ఫిర్యాదు చేయని మనిషి. అన్నిటికీ మించి, ఆ పూట వదిన చేతులు కట్టేసి ఉంచే ఉపాయం కావాలి.

ఆ ఉపాయం నాకే తట్టింది. ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం డాక్టరమ్మ ముందు నిలబడి, మా వదిన కుడి దవడలో పన్ను పుచ్చి నాలుగేళ్లయిందండీ అని చెప్పేశాను. వదిన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయడానికి వీల్లేదు. డాక్టరమ్మ దీపం వేసి కుర్చీ చూపించారు. చూసి, రేపు పొద్దున పదింటికి అన్నారు.

“నువ్వు ఆడపడుచువి కాదే, నా ప్రాణానికి యముడివి” అంది వదిన ఇంటికెళ్లేదాకా.

పదింటికి ‘ఊరికేనే’ వచ్చింది. సంచిలోంచి పాత లోపలి చెప్పులు తీసి తొడుక్కుంది. తలుపు మీద అట్ట రెండుసార్లు చదివింది. కుర్చీలో పడుకుని ఉన్నది ఎవరో చూసి కొయ్యబారిపోయింది. మా వదిన, అంతటి మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, పెదవులు కదుపుతూ ఏవో దేవుళ్లను పిలుచుకుంటోంది. ఆ పిల్ల ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనబడింది. నన్ను కూడా లోపలే ఉండమన్నారు, వదిన చేయి పట్టుకోవడానికి.

మత్తు సూది పడింది. వదిన కుడి దవడ మొద్దుబారింది. నోరు తెరిచింది. ఇక ఆవిడ మాట్లాడలేదు, కదల్లేదు, లేవలేదు. చూడటం ఒక్కటే మిగిలింది.

డాక్టరమ్మ ఎడమ అరచేయి చాచుకుంది. ‘ఊరికేనే’ చేయి ట్రే మీదికి వెళ్లింది, తప్పు చేయి. మధ్యలో ఆగిపోయింది. వేళ్లు వణికాయి. అదే క్షణాన నా పట్టులోంచి వదిన చేయి పైకి లేచింది, లాక్కోవడానికి! ఒట్టు ఎటు పోయిందో. నేను నా రెండు చేతులతోనూ దాన్ని కిందికి అదిమి పట్టాను. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. అరచేయి అలాగే గాల్లో ఉంది, ఎంతసేపైనా ఉంటాను అన్నట్టు.  ఆ పిల్ల ఉమ్మిగొట్టం ఎడమచేతికి మార్చుకుంది. కుడిచేత్తో అద్దం తీసి ఆ అరచేతిలో పెట్టింది.

తరువాత సూదికొక్కెం. తరువాత పట్టుకారు. ఒకసారి తప్పింది, తనే సర్దుకుంది. పదోసారికి వణుకు పోయింది. ఇరవయ్యోసారికి డాక్టరమ్మ చేయి చాపకముందే ఆ పిల్ల చేతిలో వస్తువు తయారుగా ఉంది. నాకు గంతులేయాలనిపించింది, కానీ వదిన చేయి వదలడానికి లేదు. ఆ చేయి కూడా నెమ్మదిగా సడలింది. కిందికి చూస్తే వదిన కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ భయం సంగతే మరిచిపోయింది. పైన కదులుతున్న ఆ రెండు జతల చేతుల్నీ రెప్ప వేయకుండా చూస్తోంది. ఇరవై రెండేళ్లలో ఆ పనిని ఆవిడ కింద నుంచి చూడటం అదే మొదటిసారి. కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నొప్పిగా ఉందా పెద్దక్కా అని అడిగింది ఆ పిల్ల. అంతకుముందెప్పుడూ మేడమ్ అనేది. వదిన తల అడ్డంగా ఊపింది.

పని ముగిసి, మధ్యాహ్నం ఇంకో ముగ్గురు పేషెంట్లు అయ్యేసరికి ఆరు కావస్తోంది. వదిన దవడ తిమ్మిరి వదిలి సలుపు పట్టుకుంది, మాట ముద్దగా వస్తుంటే సిగ్గుపడి నోరు మూసుకుని కూర్చుంది. ‘ఊరికేనే’ కోటు విప్పింది. గుమ్మం దగ్గరికి వచ్చి లోపలి చెప్పులు విప్పింది. నా బల్ల మీది కాగితం ఒకటి తీసుకుని, వంగి, వాటి అడుగులు శుభ్రంగా తుడిచింది.  ఏడుగురూ అచ్చం ఇలాగే తుడిచారు. సంచి ఆ పిల్ల భుజానే వేలాడుతోంది.

“వీటిని ఏ గడిలో పెట్టమంటారు?” అంది.

  వదినే వచ్చి తన చెప్పులు కాస్త పక్కకి జరిపి, తన గడి పక్క గడి చూపించింది. లోపల డాక్టరమ్మ ఫోనులో పెద్ద ఆస్పత్రి వాళ్లతో మాట్లాడుతున్నారు. నేను రాలేనండీ, నా క్లినిక్కులో పని ఎక్కువగా ఉంది అంటున్నారు. ఆ మాట అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు, మాకు వినబడాలనే చెప్పారు.

మర్నాడు నేను తలుపు తీసేసరికే ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. వదిన దవడ బాగైంది, మాట తిరిగొచ్చింది. లోపలికి అడుగు పెడుతూనే మొదలుపెట్టింది. నిన్న సిమెంటు నింపేటప్పుడు గొట్టం కొంచెం వెనక్కి పెట్టావు, పట్టుకారు చివర పట్టుకున్నావు, మూడో దూది ఆలస్యమైంది, అంటూ నోరు తెరిచి పడుకుని చెప్పలేకపోయినవన్నీ వరసగా. పాపం రాత్రంతా లెక్కపెట్టుకుని ఉంటుంది. చెబుతూ చెబుతూ ట్రే మీదికి చేయి చాపింది. ఇక అయిపోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

“అన్నీ చెప్పండి పెద్దక్కా, వింటాను. చేతులు మాత్రం వెనక పెట్టుకుని చెప్పండి” అంది ‘ఊరికేనే’, తలెత్తకుండానే.

 వదిన నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. అప్పుడు మా వదిన, ముప్పై ఏళ్లలో మా అన్నయ్య మాట గాని, మా అమ్మ మాట గాని, నా మాట గాని ఒక్కసారైనా వినని మా వదిన, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి మిగతాది చెప్పింది.